రిపోర్టులన్నీ బాగున్నాయి, నేను మాత్రం బాగా లేను

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 43. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రెండేళ్ళ కిందట మెడ, భుజాల నొప్పితో మొదలైంది. ఇప్పుడు ఒంట్లో నొప్పి లేని చోటు వెతుక్కోవాలి. తొమ్మిది గంటలు పడుకున్నా రాత్రంతా మేలుకున్నట్టే లేస్తాను. చేతులు తిమ్మిరెక్కుతాయి. కడుపు ఉబ్బరం, ఒక వారం మలబద్ధకం, మరో వారం విరేచనాలు. మూత్రానికి మాటిమాటికి వెళ్ళాల్సి వస్తుంది. తలనొప్పి, దవడ నొప్పి, నోరు ఎండిపోవడం, చెవిలో హోరు. పిల్లలు బెంచీలు జరిపిన చప్పుడు కూడా భరించలేకపోతున్నాను. మొన్న పాఠం మధ్యలో ‘కర్ణం’ అనే మాట నోటికి రాలేదు. సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎముకల డాక్టరు, కడుపు డాక్టరు, నరాల డాక్టరు, గుండె డాక్టరు అందరూ అయ్యారు. రిపోర్టులన్నీ బాగున్నాయన్నారు. ఈమధ్య ఒక రుమటాలజిస్టు (కీళ్ళు, కండరాల నొప్పుల డాక్టరు) ఫైబ్రోమయాల్జియా అని చెప్పి డులాక్సెటిన్ 30 మిల్లీగ్రాములు రాశారు. అది డిప్రెషన్‌కు ఇచ్చే మందని తెలిసి పక్కన పెట్టేశాను. నొప్పి మాత్ర మాత్రం రోజూ వేసుకుంటున్నాను. ‘రోజుకో జబ్బు చెబుతున్నావు’ అంటారు మా వారు. వేళ్ళు వాచి ఉంగరం బిగిసినట్టు ఉంటుంది, చూపిస్తే వాపు లేదంటారు. ఇన్ని బాధలు ఒక్క జబ్బుతో వస్తాయా? లేక నేనే ఊహించుకుంటున్నానా?
- ఒక పాఠకురాలు

సమాధానం: వస్తాయి. మీరు ఊహించుకోవడం లేదు. మిగతా ఉత్తరం తీరిగ్గా చదువుకోవచ్చు గానీ, ఈ రెండు మాటల కోసం మీరు రెండేళ్ళుగా ఎదురు చూస్తున్నారు కాబట్టి ముందుగా అవే చెబుతున్నాను.

ఒళ్ళంతా నొప్పులు, అలసట, హాయినివ్వని నిద్ర కలిసి వచ్చే ఈ ఫైబ్రోమయాల్జియా అరుదైన జబ్బు కాదు. పెద్దవాళ్ళలో నూటికి 2 నుంచి 4 మందికి ఉంటుందని అంచనా. ఆడవాళ్ళలో ఎక్కువగా గుర్తిస్తున్నాం, మగవాళ్ళకూ వస్తుంది. అయినా మీరు నలుగురు డాక్టర్ల చుట్టూ తిరగాల్సి రావడానికి ఒక కారణం ఉంది. 1990లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ ఈ జబ్బును గుర్తించడానికి ఇచ్చిన కొలమానంలో నొప్పి తప్ప మరొకటి లేదు. ఒంటి మీద 18 బిందువులు చూపించి, ఒక్కొక్క చోట సుమారు నాలుగు కిలోల బరువుతో నొక్కినప్పుడు 11 చోట్ల నొప్పి పుడితే జబ్బు ఉన్నట్టు లెక్క. నిద్ర, మతిమరుపు, కడుపు, మూత్రం వీటికి అందులో చోటే లేదు. మా తరం డాక్టర్లం చదువుకున్నది ఆ లెక్కే. 2010లో ఆ సంస్థే పద్ధతి మార్చింది. బిందువులు నొక్కడం పోయింది. ఒంటిని 19 భాగాలుగా చేసి ఎక్కడెక్కడ నొప్పి ఉందో అడగడం, దానితో పాటు అలసట ఎంత, నిద్ర లేచినప్పుడు హాయిగా ఉంటుందా, ఆలోచన మందగించిందా అని అడిగి మార్కులు వేయడం వచ్చింది. ఈ స్థితి మూడు నెలలకు తగ్గకుండా ఉండాలి. ఆ పద్ధతికి జతచేసిన ఇతర లక్షణాల జాబితాలో నలభై దాకా ఉన్నాయి. తిమ్మిర్లు, తలనొప్పి, మలబద్ధకం, విరేచనాలు, నోరు ఎండిపోవడం, కళ్ళు ఎండిపోవడం, చెవిలో హోరు, తల తిరగడం, ఛాతీలో నొప్పి, దురద, మాటిమాటికీ మూత్రం, రుచి మారడం, జుట్టు రాలడం వరకూ. మీ ఉత్తరాన్ని ఆ జాబితా పక్కన పెట్టి చూశాను. చాలా భాగం కలుస్తోంది.

మరి ఒకదానితో ఒకటి పొంతన లేని ఇన్ని బాధలకు మూలం ఒకటే ఎలా అవుతుంది? ఒకప్పుడు ఇది కండరాల మీది పొరల్లో వాపు అనుకున్నారు. 1904లో విలియం గవర్స్ అనే బ్రిటిష్ డాక్టరు ఆ అర్థం వచ్చేలా ఫైబ్రోసైటిస్ అని పేరు కూడా పెట్టాడు. తరవాతివాళ్ళు ఎంత వెతికినా ఆ వాపు దొరకలేదు. కండరంలో లేని తేడా నాడీమండలంలో కనిపించడం మొదలైంది. 2002లో ప్రచురించిన ఒక ప్రయోగం నాకు చాలా ఇష్టం. ఈ జబ్బు ఉన్నవాళ్ళనూ లేనివాళ్ళనూ మెదడు స్కానింగులో పడుకోబెట్టి, బొటనవేలి గోటి మీద కొలిచిన ఒత్తిడి పెట్టారు. జబ్బు లేనివాళ్ళకు దాదాపు రెట్టింపు ఒత్తిడి పెడితే గానీ కలగనంత నొప్పి వీళ్ళకు తక్కువ ఒత్తిడికే కలిగింది. వాళ్ళు నోటితో చెప్పిందే కాదు, మెదడులో నొప్పిని అందుకునే ప్రాంతాలు కూడా అదే సాక్ష్యం చెప్పాయి.

గోరంతను కొండంత చేస్తున్నావని మిమ్మల్ని ఎవరైనా అన్నారో లేదో నాకు తెలియదు. అని ఉంటే ఆ మాటలో సగం నిజమే. గోరంత కొండంత అవుతోంది. కానీ చేస్తున్నది మీరు కాదు, మీ వెన్నుపాము, మెదడు. మీ దాకా వచ్చేసరికి అది కొండే, మీరు మోస్తున్నదీ కొండే. ఇలా నాడీమండలం నొప్పిని పెంచి అందించే తీరుకు 2017లో నొప్పి అధ్యయనాల అంతర్జాతీయ సంఘం నోసిప్లాస్టిక్ నొప్పి అని విడిగా పేరు పెట్టింది. గాయం వల్ల వచ్చే నొప్పి ఒక రకం, నరం దెబ్బతిని వచ్చే నొప్పి మరో రకం, ఇది మూడో రకం.

నాడీమండలం నొప్పి కబురు ఒక్కటే మోయదు. పేగులో గాలి కదిలిన కబురు, మూత్రాశయం నిండుతున్న కబురు, బెంచీ చప్పుడు, వెలుతురు, వాసన, చలి అన్నీ అదే దారుల్లో నడుస్తాయి. దారి పొడవునా చిన్న కబురు పెద్దదవుతుంటే, పేగులో మామూలు కదలిక కడుపునొప్పిగా, సగం నిండిన మూత్రాశయం ఆపుకోలేని తొందరగా తెలుస్తుంది. మీ కడుపు బాధకు కడుపు డాక్టరు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అని రాసి ఉండవచ్చు. పార్శ్వపు నొప్పి, దవడ కీలు నొప్పి, మూత్రాశయం నొప్పి, నెలసరిలో తీవ్రమైన నొప్పి, రాత్రిపూట కాళ్ళు కదపకుండా ఉండలేకపోవడం, ఇవన్నీ ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్ళలో మిగతావారి కంటే ఎక్కువగా కనిపిస్తాయి. ఒక్కో డాక్టరు ఒక్కో పేరు పెట్టి పంపిస్తే మీకు అయిదు జబ్బులు ఉన్నట్టు ఉంటుంది. నిజానికి చాలాసార్లు అవి ఒకే చెట్టు కొమ్మలు.

నొప్పి తీరు కూడా ఒకే రకంగా ఉండదు. ఒక రోజు సలపరం, ఒక రోజు మంట, ఒక రోజు ఎవరో మెలిపెట్టి పిండినట్టు లాగడం. నిన్న కుడి భుజం, ఇవాళ ఎడమ తుంటి. తల దువ్వుకుంటే మాడు నొప్పి పుడుతుంది, తువ్వాలు గట్టిగా రుద్దుకుంటే చర్మం మండుతుంది. దుప్పటి అంచు కాలికి తగిలితే ఉలిక్కిపడి లేచే వాళ్ళను చూశాను. నొప్పి పుట్టకూడని స్పర్శకు నొప్పి పుట్టడం ఈ జబ్బులో మామూలే. చోటు మారుతూ ఉండటం వల్లే ‘రోజుకో జబ్బు’ అనే మాట పుడుతుంది. మీ వారు ఈ ఉత్తరం చదువుతారని ఆశిస్తున్నాను. అయ్యా, ఆమె రోజుకో జబ్బు చెప్పడం లేదు. ఒకే జబ్బు రోజుకో చోట తలుపు తడుతోంది.

నిద్ర గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో అది ఒక్క వాక్యంలో ఉంది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది అదే. ‘తొమ్మిది గంటలు పడుకున్నా’ అన్నారు. గంటలు లెక్క కాదు. గాఢనిద్ర ఎంత అన్నది లెక్క. 1975లో టొరంటోలో హార్వీ మోల్డోఫ్స్కీ, ఆయన సహచరులు ఆరోగ్యంగా ఉన్న కొందరిని నిద్రపోనిచ్చి, గాఢనిద్రలోకి జారుతున్నప్పుడల్లా చప్పుడుతో కదిలించారు. పూర్తిగా లేపలేదు, లోతుకు మాత్రం పోనివ్వలేదు. కొన్ని రాత్రులు గడిచేసరికి ఏ జబ్బూ లేని ఆ మనుషులకు ఒళ్ళు నొప్పులు, అలసట మొదలయ్యాయి. మళ్ళీ మామూలుగా నిద్రపోనిస్తే తగ్గిపోయాయి. నొప్పి నిద్రను చెడగొడుతుందని అందరికీ తెలుసు. చెడిన నిద్ర నొప్పిని పుట్టిస్తుందని చాలామందికి తెలియదు. అందుకే నిద్రలేమికి తోడు గురక ఉందా, నిద్రలో ఊపిరి ఆగినట్టు పక్కవాళ్ళు గమనించారా, పడుకోగానే కాళ్ళలో పురుగులు పాకినట్టు ఉంటుందా అన్నవి మీ డాక్టరుకు తప్పక చెప్పండి. నిద్రలో ఊపిరి ఆగడానికీ, కాళ్ళ బాధకూ విడిగా చికిత్స ఉంది. అది అందితే నొప్పి కూడా కొంత దిగవచ్చు.

ఇక ‘కర్ణం’. లంబకోణ త్రిభుజం బోర్డు మీద గీసి, లంబకోణానికి ఎదురుగా ఉన్న భుజాన్ని సుద్దముక్కతో చూపిస్తూ, దాని పేరు కోసం తడుముకోవడం. ఇరవై ఏళ్ళుగా చెబుతున్న మాట అయి ఉంటుంది. ముప్ఫై జతల కళ్ళు మీ మీదే ఉన్న ఆ క్షణం మీకు ఎంత భయం వేసి ఉంటుందో ఊహించగలను. మతి పోతోందేమో, చిన్న వయసులోనే పెద్ద జబ్బు వస్తోందేమో అని భయపడి నా దగ్గరికి వచ్చిన వాళ్ళు ఎందరో. ఈ జబ్బులో మాట తట్టకపోవడం, చదివిన పేరా మళ్ళీ చదవాల్సి రావడం, గదిలోకి వెళ్ళి ఎందుకు వచ్చానో మరిచిపోవడం చాలా సాధారణం. మనసుకు పొగమంచు పట్టినట్టు ఉందంటారు. ఇది మతి క్రమంగా చెరిపేసే జబ్బు కాదు. నిద్ర బాగున్న రోజున ఆ మాట దానంతట అదే వస్తుంది, బాగా లేని రోజున దాక్కుంటుంది. ఆ హెచ్చుతగ్గులే తేడా చెబుతాయి. కష్టమైన పాఠం ఉన్న రోజు ముఖ్యమైన పదాలు నాలుగు బోర్డు మూలన ముందే రాసుకోండి. చెయ్యి భుజం కంటే పైకెత్తి రాయడం వీలైనంత తగ్గించండి. పిల్లలకు ఏ తేడా తెలియదు.

చేతుల తిమ్మిర్లు, చల్లబడే వేళ్ళు, లేచి నిలబడితే గుండె దడ, కళ్ళు బైర్లు కమ్మడం కూడా ఈ జబ్బులో తరచుగా వింటాం. దిగులు, ఆందోళన కూడా. ఏళ్ళ తరబడి నొప్పి ఉంటే మనసు కుంగుతుంది. కుంగిన మనసు నొప్పిని పెంచుతుంది. రెండూ ఉంటే రెంటికీ చికిత్స చేయాలి. మనసు బాధపడుతోందని ఒప్పుకుంటే నొప్పి అబద్ధమైపోదు. ఎప్పుడైనా బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం దాచుకోకండి. ఆ రోజే ఎవరికైనా చెప్పండి, ఆ రోజే డాక్టరును కలవండి.

ఇప్పుడు మీరు పక్కన పెట్టిన మాత్ర సంగతి. మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే నాడులు కొన్ని ఉన్నాయి. పైకి వస్తున్న నొప్పి కబుర్లను అణచడం వాటి పని. అవి పని చేయడానికి సెరటోనిన్, నార్‌ఎడ్రినలిన్ అనే రసాయనాలు కావాలి. డులాక్సెటిన్ ఆ రెంటినీ ఎక్కువసేపు అందుబాటులో ఉంచుతుంది. అదే రసాయనాలు డిప్రెషన్‌లో కూడా పాత్ర వహిస్తాయి కాబట్టి ఆ జబ్బుకూ వాడతాం. డిప్రెషన్ లేని ఫైబ్రోమయాల్జియా రోగుల్లో కూడా అది నొప్పి తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ జబ్బుకు 2007లో ప్రిగాబలిన్‌ను, 2008లో డులాక్సెటిన్‌ను, 2009లో మిల్నసిప్రాన్‌ను అనుమతించింది. తక్కువ మోతాదులో ఎమిట్రిప్టిలిన్ అంతకంటే ముందు నుంచీ వాడుకలో ఉంది. కాబట్టి మీ డాక్టరు మీకు పిచ్చి అనుకోలేదు, మీ నొప్పిని నమ్మారు. అయితే ఈ మందులు అందరికీ పని చేయవు. పని చేసిన వాళ్ళకు కూడా నొప్పి పూర్తిగా పోవడం అరుదు. మొదటి వారాల్లో వికారం రావచ్చు. మొదలుపెట్టాక ఉన్నట్టుండి ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు తగ్గిస్తూ ఆపాలి. మీ బీపీ, కాలేయం, వాడుతున్న ఇతర మందుల వివరాలు ఆయనకు చెప్పి అప్పుడు నిర్ణయించుకోండి. మీరు భయపడాల్సింది ఆ మాత్రకు కాదు, రోజూ వేసుకుంటున్న నొప్పి మాత్రకు. అది ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటిదైతే వాపును తగ్గించే మందు. మీ జబ్బులో వాపే లేదు. లాభం కొంచెం, పుండ్లు పడే కడుపుకూ కిడ్నీలకూ నష్టం ఎక్కువ. స్టెరాయిడ్లు, నల్లమందు జాతి మాత్రలు ఎవరైనా రాసినా ఎందుకని అడగండి.

ఇంతదాకా అన్నీ ఒకే చెట్టు కొమ్మలన్నాను. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఫైబ్రోమయాల్జియా అని పేరు పడ్డాక అందరం ఒక తప్పు చేస్తాం. కొత్తగా ఏ బాధ వచ్చినా ఆ మూటలోనే పడేస్తాం. నేనూ చేశాను. చాలా ఏళ్ళ కిందట ఒకామె చేతి వేళ్ళ నొప్పి పెరిగిందని చెబితే, పాత జబ్బే కదా అనుకుని చెయ్యి పట్టుకుని చూడకుండా పంపించాను. నాలుగు నెలల తరవాత వచ్చినప్పుడు పిడికిలి మూయలేకపోతోంది, వేలి కణుపులు ఉబ్బి వెచ్చగా ఉన్నాయి. కీళ్ళవాతం. ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్ళకు కీళ్ళవాతం రాకూడదని ఏమీ లేదు. రెండూ కలిసి ఉండటం మామూలే. ఆ నాలుగు నెలలు నేను ఆమెకు తిరిగి ఇవ్వలేను.

కాబట్టి మీ కాగితంలోని బాధలను ఒక్కొక్కటిగా ఇలా చూడండి. మూత్రానికి మాటిమాటికి వెళ్తున్నారు కదా, మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష అయ్యాయా? నోరు, కళ్ళు బాగా ఎండిపోతుంటే లాలాజలం, కన్నీళ్ళు ఊరే గ్రంథులు దెబ్బతినే షోగ్రెన్ సిండ్రోమ్ సంగతి రుమటాలజిస్టును అడగండి. అలసట, మలబద్ధకం, ఒళ్ళు నొప్పులు మూడూ థైరాయిడ్ తగ్గినా వస్తాయి. తిమ్మిర్లు విటమిన్ బి12 తగ్గినా వస్తాయి, మణికట్టు దగ్గర నరం నొక్కుకున్నా వస్తాయి. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ మాత్రలు వాడుతుంటే కండరాల నొప్పికి అవీ కారణం కావచ్చు. రక్తకణాల లెక్క, ఒంట్లో వాపును పట్టిచ్చే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, థైరాయిడ్ పరీక్షలు ఇప్పటికే చేయించి ఉంటే చాలు, అవే మళ్ళీ మళ్ళీ చేయించకండి. ఫైబ్రోమయాల్జియాను చూపించే రక్తపరీక్ష అంటూ ఏదీ లేదు. రిపోర్టులు బాగున్నాయంటే వేరే జబ్బులు లేవని మాత్రమే అర్థం, మీకు ఏమీ లేదని కాదు.

కారణం లేకుండా బరువు తగ్గడం, తగ్గని జ్వరం, రాత్రి చెమటలు, మలంలోనో మూత్రంలోనో రక్తం, కీళ్ళు ఎర్రగా వాచడం, ఒక చెయ్యో కాలో బలం తప్పడం, ఇవి ఫైబ్రోమయాల్జియా లెక్కలో రావు. వెంటనే చూపించాలి. ఛాతీనొప్పి నడిచినప్పుడు వచ్చి ఆగితే తగ్గుతున్నా, చెమటతో, ఆయాసంతో వచ్చినా, ఉన్నట్టుండి మూత్రం మీద అదుపు తప్పి తొడల మధ్య మొద్దుబారినా ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే.

చికిత్సలో మందులకంటే ముందు చెప్పాల్సిన మాటను చివరికి ఉంచాను, ఎందుకంటే అది వినగానే చాలామంది ఉత్తరం మూసేస్తారు. యూరప్ రుమటాలజీ సంఘం 2016లో సిఫారసులను సవరించినప్పుడు, గట్టిగా సిఫారసు చేస్తున్నామని చెప్పింది ఒక్క వ్యాయామాన్నే. నొప్పితో చచ్చిపోతుంటే వ్యాయామమా అంటారు. నిజమే. జబ్బు లేనివాళ్ళ లెక్కతో మొదలుపెడితే మొదటి రోజే ఒళ్ళు హూనమై మూడు రోజులు మంచం పడతారు, ఇక జన్మలో ఆ జోలికి పోరు. అయిదు నిమిషాల నడక. రోజూ. మరీ బాగా లేని రోజున మూడు నిమిషాలు, బాగున్న రోజున కూడా అయిదే. ఈ రెండోది పాటించడం మొదటిదానికంటే కష్టం. బాగున్న రోజున పేరుకుపోయిన పనులన్నీ ఒక్కసారే చేసేసి మర్నాడు పడిపోవడం ఈ జబ్బులో అందరూ చేసే పని. రెండు వారాలు అయిదు నిమిషాలు నిలబడ్డాక ఆరు చేయండి. నీటిలో నడవడం, తాయ్ చీ అనే నెమ్మదైన చైనా వ్యాయామం, నెమ్మదిగా ఒళ్ళు సాగదీయడం, మీకు ఏది నచ్చితే అది. ఫలితం తెలియడానికి వారాలు కాదు, నెలలు పడుతుంది. నొప్పిని ఎదుర్కొనే పద్ధతులు నేర్పే మానసిక చికిత్స దొరికితే అది కూడా చాలామందికి ఉపయోగపడింది.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు అన్ని బాధలూ ఒకే ఊపిరిలో చెప్పకండి. పదిహేడు లక్షణాలు వింటే మంచి డాక్టరు కూడా తికమకపడతాడు. సగం కాగితం చాలు. పైన, మీ బతుకును ఎక్కువగా అడ్డుకుంటున్నవి మూడు. మధ్యలో, కిందటిసారి తరవాత కొత్తగా వచ్చినవి. అడుగున, పాతవే, మార్పు లేనివి. మధ్య వరుసను ముందు చూపించండి.

ఉంగరం సంగతి మరిచిపోలేదు. వాపు లేకపోయినా వేళ్ళు వాచినట్టు, మొదళ్ళ దాకా బిగుసుకున్నట్టు అనిపించడం ఫైబ్రోమయాల్జియాలో మామూలే. కానీ పైన చెప్పినామె తరవాత నేను దేన్నీ చూడకుండా వదలడం మానేశాను. రేపు ఉదయం లేవగానే రెండు చేతులూ బల్ల మీద పరిచి ఫోనుతో ఫోటో తీయండి. ఉంగరం ఎంతవరకు జరుగుతుందో చూడండి. సాయంత్రం అదే వెలుతురులో ఇంకోటి తీయండి. ఒక వారం తీస్తే చాలు. కణుపుల దగ్గర గీతలు మాయమై నున్నగా ఉబ్బినట్టు కనిపించినా, ఉదయపు బిగుతు గంట దాటినా ఆ ఫోటోలు పట్టుకుని రుమటాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. చేతులు ఎప్పటిలాగే ఉంటే ఉంగరం ఒక సైజు పెద్దది చేయించుకుని, హాయిగా పెట్టుకోండి.